లోపలికి తిరిగిన పడవలు

షెడ్డులో మాడు వాసన ఇంకా పోలేదు.

నజీమా గుమ్మంలోనే ఆగింది. వాసన హీట్ ప్రెస్ దగ్గర నుంచి వస్తోంది. దాని మూత పైకెత్తి ఉంది. లోపల ఒక అల్యూమినియం రేకు, దానికి కరుచుకుపోయి బొగ్గు రంగుకు తిరిగిన కాగితం. వేలు పెడితే మసి అంటింది.

"దీన్ని ఎవరైనా కదిలించారా?"

"లేదు ఆపా. పోలీసులు ఫొటోలు తీసుకుని తాళం వేశారు. తలుపు తీయటం మళ్లీ ఇయ్యాళే," అంది అంజుమ్. ఆమె లోపలికి రాలేదు. ముజమ్మిల్ పడిపోయిన చోట నేల మీద సుద్దగీత ఉంది. దాన్ని చూడలేక వీధి వైపు తిరిగి నిలబడింది.

నరసరావుపేటలో ఈ షెడ్డు ముజమ్మిల్‌ది. బొమ్మల్ని ఆ ప్రెస్ వేడితో రేకుల మీదికి అచ్చు దించి, గోడలకు తగిలించుకునేలా చేసి అమ్ముతాడు. రాజుల బొమ్మలు, దేవుళ్ల బొమ్మలు అందరూ వేస్తారు. ముజమ్మిల్‌కు పేరు తెచ్చింది మాత్రం ఒక జపాను బొమ్మ. అతని తండ్రి విజయపురి సౌత్‌లో లాంచీ నడిపేవాడు. కొండ మీద బుద్ధుడి గుర్తులు చూడటానికి వచ్చిన ఒక జపాను యాత్రికుడు, ఏటి మధ్యలో తనకు జబ్బు చేస్తే ఒడ్డుకు చేర్చి కాపాడినందుకు, తన సంచిలోని బొమ్మ తీసి ఆయన చేతిలో పెట్టి వెళ్లాడు. చెక్కల మీద చెక్కి, రంగుకో చెక్క పెట్టి, చేత్తో కాగితానికి అద్దిన పాత బొమ్మ. మంచుకొండ, దాని కింద ఏరు, ఏటిలో వానకు తడుస్తూ మూడు పడవలు. ముజమ్మిల్ దాన్ని స్కాన్ చేసి రేకు మీదికి దించాడు. కొత్తిళ్లు కట్టిన వాళ్లు ఎగబడ్డారు. అసలు కాగితాన్ని మాత్రం ఒక ప్లాస్టిక్ గొట్టంలో చుట్టి పెట్టుకుని, ఎవరడిగినా ఇవ్వనన్నాడు.

గురువారం సాయంత్రం ఎవరో అతని తల వెనక ఇనప రోలరుతో కొట్టారు. అసలు బొమ్మ మాయమైంది. ముజమ్మిల్ ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. మర్నాడు ఖాళీ గొట్టం దొరికింది, షెడ్డులో పనిచేసే వాజిద్ ఇంటి డాబా మీద. వాజిద్‌ను పట్టుకెళ్లారు. ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అంజుమ్ అతని భార్య.

"ముజమ్మిల్ భాయ్ నోరు తెరిస్తే చాలు ఆపా," అంది అంజుమ్. "రాత్రి వేళ్లు కదిలించాడంట. ఒకటి రెండు రోజుల్లో మాట్లాడొచ్చని డాక్టరన్నాడు. కొట్టింది నా మొగుడు కాదని ఆయనొక్కడే చెప్పగలడు."

నజీమా వేలికంటిన మసి తుడుచుకుంది. ఆమె బతికేది పెళ్లి సంబంధాల ఎంక్వైరీల మీద. అబ్బాయికి ఉద్యోగం నిజమా కాదా, అమ్మాయికి ఇంతకుముందు సంబంధం తప్పిందా, ఇలాంటివి. తొందరపడి మాటివ్వకూడదని ఆ పనిలోనే నేర్చుకుంది.

పక్కనున్న వెల్డింగు షాపులోకి కేకేసింది. అబ్దుల్ మజీద్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ వచ్చాడు.

"గురువారం మీరేం విన్నారు మామూ?"

"బజర్ విన్నా. ఆ ప్రెస్సు టైమైపోతే మోగుద్ది. ముజమ్మిల్ వెంటనే మూత లేపుతాడు, ఆగిపోద్ది. ఆ రోజు ఆగలా."

"ఎప్పుడు మొదలైంది?"

"పొద్దుగూకాక మగ్రిబ్ నమాజుకు పోయేటప్పుడు లేదు. తిరిగొచ్చేసరికి చెవులు చిల్లులు పడేట్టు మోగతా ఉంది. తిడదామని తలుపు నెట్టా. ముందు మూత లేపి దాన్ని ఆపా. అప్పుడు చూస్తే..." మజీద్ సుద్దగీత వైపు చూసి మాట మింగేశాడు.

అంటే వీధిలో మగాళ్లంతా మసీదులో ఉన్న వేళ. వేళ తెలిసినవాడే వచ్చాడు.

నజీమా గోడల వెంట నడిచింది. తెల్ల రంగు వేసిన పార్టిషన్ గోడకు జపాను బొమ్మ ఒకటి తగిలించి ఉంది, మనిషి నిలువంత ఎత్తున. మూడు పడవల ముక్కులూ ఎడమ చేతి వైపు. కుడి పై మూల ఎర్ర డబ్బీలో జపాను అక్షరాలు. కింది మూల ఒకటి వంగి ఉంది. బొటనవేలితో తడిమి చూసింది.

"ఇది ఇక్కడెందుకుంది?"

"ఎవరో వెనక్కి పంపించారు. ఆటోలో తెచ్చేటప్పుడు మూల వంగింది," అంది అంజుమ్. "పారెయ్యటం ఇష్టం లేక భాయ్ ఇక్కడ పెట్టుకున్నాడు."

"అసలు బొమ్మ అమ్మమని ఎవరైనా అడిగారా?"

"గురజాలలో సున్నపు బట్టీ ఉన్న శ్రీకాంత్ గారు. మొదట నవ్వుతా అడిగాడు. ఆఖరిసారి నవ్వలేదు. మా నాన్న చేతికొచ్చిన వస్తువు నేను అమ్మను సార్ అన్నాడు భాయ్."

అప్పుడే బయట కారు తలుపు పడింది.

"ఏమ్మా నజీమా! సంబంధాలు తగ్గినయ్యా? పెళ్లికొడుకు బ్రాందీ తాగుతాడా లేదా కనుక్కునేదానివి, తలకాయలు పగిలిన కేసుల్లోకి దిగావే!"

ఆంజనేయులు. ఎస్సైగా రిటైరై సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాడు. కాపలావాళ్లను పంపుతాడు, కెమెరాలు బిగిస్తాడు, రెండు అంబులెన్సులు తిప్పుతాడు, అడిగితే డిటెక్టివ్ పని కూడా చేస్తాడు. వాజిద్ డాబా మీద గొట్టం పట్టింది ఇతనే.

"ఎవడు తాగుతాడో కనుక్కోటానికి మీ దగ్గరికే వచ్చేదాన్ని కదండీ," అంది నజీమా. "అందరూ మీతోనే తాగేవాళ్లు."

మజీద్ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ఆంజనేయులు మీసం కింద నవ్వు తగ్గింది.

"నీ నోటికేం లేమ్మా. చెప్తన్నా విను. వాజిద్‌గాడు సొంత షెడ్డు పెడతానని ముజమ్మిల్‌తో కొట్లాడాడు. అందరూ విన్నారు. తాళంచెవి వాడి దగ్గరుంది. గొట్టం వాడి డాబా మీద దొరికింది. ఇంకేం కావాల?"

"ఆయన రేకులు తేవటానికి చిలకలూరిపేట పోయాడు," అంది అంజుమ్.

"పోయాడు. దారిలో బండి పంచరైందంట. చూసిన నరమానవుడు లేడంట."

"శ్రీకాంత్ గారు ఎక్కడున్నారు ఆ టైములో?" అంది నజీమా.

ఆంజనేయులు ఈ ప్రశ్న కోసమే చూస్తున్నవాడిలా ఫోను తీశాడు. "అడుగుతావని తెలుసు. ఆ బాబే నన్ను పెట్టుకుంది, దొంగను పట్టమని. అయినా మొదట ఆయన్నే విచారించా. అదీ పద్ధతంటే. చూడు."

అది ఒక వీడియో కాల్ ఫొటో. పిడుగురాళ్లలో శ్రీకాంత్ అక్క కూతురి పుట్టినరోజు. ఇంటిల్లిపాదీ ఫోనులో కలిశారు. తెర నాలుగు గళ్లుగా ఉంది. మూడింట్లో కేకు, పిల్లలు, ముసలివాళ్లు. నాలుగో గడిలో తెల్ల చొక్కా వేసుకుని శ్రీకాంత్ చెయ్యి ఊపుతున్నాడు. వెనక మంచుకొండ, పడవలు. పైన టైము ఆరూ ముప్పై ఎనిమిది.

"సరిగ్గా నమాజు వేళ," అన్నాడు ఆంజనేయులు. "గురజాల్లో తన ఇంట్లో, హాల్లో నిలబడి ఉన్నాడు. ఇక్కడి నుంచి గంటకు పైనే ప్రయాణం."

"ఈ బొమ్మ ఇక్కడా ఉంది కదండీ."

"ఇట్టాంటివి జిల్లాలో ఎన్ని గోడల మీద లేవు? ఆయనింట్లోనూ ఉంది. నేనే పోయి కళ్లారా చూశా."

నజీమా ఫొటోను వేళ్లతో పెద్దది చేసింది. శ్రీకాంత్ గడి మూలలో మైకు గుర్తు మీద అడ్డగీత. "ఈయన మైకెందుకు ఆపేశాడు?"

"మైకు ఆపుకోటం కూడా నేరమేనా?" ఆంజనేయులు పెద్దగా నవ్వాడు.

"ఆ ఫొటో నాకు పంపండి."

"పంపుతా. ఫ్రేము కట్టించుకో." నిజంగానే పంపాడు.

*

గురజాల బస్సు దిగి నజీమా ఆ ఇంటికి చేరేసరికి ఆంజనేయులు కారు ముందే వాకిట్లో ఉంది. హాల్లో సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఎదురుగా ఇంటి పెద్ద, శ్రీకాంత్ తల్లి వెంకటరమణమ్మ. ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ చాట మీద నుంచి కళ్లెత్తింది.

"రా అమ్మాయ్. నువ్వొస్తావని ఈయన చెప్పాడు. మా వాడిని అనుమానిస్తన్నావంటగా?"

"బొమ్మ చూసిపోదామని వచ్చాను పెద్దమ్మా."

"చూడు. చూస్తే అరిగిపోద్దా?"

వీధి గుమ్మం దాటి లోపలికి రాగానే ఎడమ చేతి గోడ మీద ఉంది. కిటికీ వెలుగు పడి రేకు నిగనిగలాడుతోంది. మంచుకొండ, ఏరు, సన్నటి వానచారలు. నజీమాకు మొదట ఏదో ఇబ్బందిగా తోచింది. ఏమిటో తెలియలేదు. బజారులో తెలిసిన మనిషి కనిపించి, పేరు గుర్తురాకపోతే ఉండే ఇబ్బంది అది.

ఒకడుగు వెనక్కి వేసింది. పడవల ముక్కులు కుడి వైపున్నాయి.

ఎర్ర డబ్బీ ఎడమ మూలలో ఉంది.

"పెద్దమ్మా," అంది మెల్లగా, "ఈ పడవలు ఇటు తిరిగి ఉన్నాయేంది?"

వెంకటరమణమ్మ మొహం వెలిగింది. చాట పక్కన పెట్టింది. "కనిపెట్టావే! ఇంతమంది వచ్చిపోయారు, ఒక్కళ్లడగలా. మొదట తెచ్చింది ఇట్టా లేదు. పడవలన్నీ ఎడమకే పోతన్నాయి. ఎడమకేముంది? గడప. గడప దాటి బజాట్లోకి పోతన్నాయి! పడవలో ఏముంటది, సరుకు. సరుకంటే లక్ష్మి. లక్ష్మి బయటికి పోతా ఉంటే నేను కూర్చుని సీరియల్ చూడాలా? వాస్తు సిద్ధాంతిని పిలిపించా. ఆయనా తప్పే అన్నాడు. తీసుకుపొమ్మన్నా. ఆ ముజమ్మిల్ ఎంత మంచోడంటే, అమ్మా కోప్పడొద్దు, కంప్యూటర్లో తిప్పేసి కొత్తది వేసిస్తానన్నాడు. తిప్పి తెచ్చాడు. చూడు, ఇప్పుడెంత చక్కగా ఇంట్లోకొస్తన్నాయో!"

ఆంజనేయులు కాఫీ కప్పు కింద పెట్టాడు. ఆ శబ్దం కాస్త గట్టిగానే వచ్చింది.

"మొదటిది వెనక్కి పంపారన్నమాట. మీ అబ్బాయికి తెలుసా?"

"వాడికేం తెలుసు! అప్పుడు వాడు ఊళ్లో లేడు. గోడ మీద ఏముందో వాడెప్పుడు చూశాడు, తల వంచుకుని ఫోను చూసుకునేటోడు."

"గురువారం పుట్టినరోజు కాల్లో మీరూ ఉన్నారా?"

"ఉన్నా. నేను పిడుగురాళ్లలో మా అమ్మాయి ఇంట్లోనే ఉన్నా. పిల్లకి దీవెన చెప్పరా అంటే వాడు నోరు తెరవలా. చెయ్యి ఊపాడు, అంతే. మైకు పనిచెయ్యటల్లేదని మెసేజీ పెట్టాడు."

"ఆ రోజు ఇక్కడ ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఎవరూ లేరు. పనమ్మాయిని కూడా నాతోనే తీసుకుపోయా. వాడొక్కడే."

నజీమా ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది. చెప్పాల్సిన పని లేదు. ఇల్లు కట్టించి, సిద్ధాంతిని పిలిపించి, పడవల్ని తిప్పించిన మనిషి ఆమె. ఫొటో చూసింది. గోడ చూసింది. మళ్లీ ఫొటో చూసింది.

"ఇదేంది?" అంది. "పడవలు బయటికి పోతన్నాయి."

"అమ్మా, ఆగండి," ఆంజనేయులు లేచాడు. "ఈవిడ మాటలు పట్టించుకోకండి. సెల్ఫీలో అన్నీ తిరగబడి కనపడతాయి. చిన్నపిల్లలకు కూడా తెలుసు. కుడి ఎడమవుద్ది, ఎడమ కుడవుద్ది."

"అవునండీ," అంది నజీమా. "అప్పుడు చొక్కా జేబు కూడా కుడి వైపు పోవాలి కదా. మీ జేబెటుంది?"

ఆంజనేయులు చెయ్యి తెలియకుండానే ఎడమ రొమ్ము మీదికి పోయింది.

"ఫొటోలో శ్రీకాంత్ గారి జేబు కూడా ఆయనకు ఎడమ వైపే ఉంది. బొమ్మ తిరగబడలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది."

"అయితే ఏంది? ఇంకెవరింట్లోనో ఉండి ఉంటాడు. చెప్పానుగా, ఇట్టాంటివి..."

"ఇంకెవరింట్లోనో ఉంటే మీకు నా ఇంట్లో ఉన్నానని ఎందుకు చెప్పాడు? పెద్దమ్మా, ఆయన మోకాలి పక్కన చూడండి. రేకు కింది మూల." నజీమా వేళ్లతో దాన్ని పెద్దది చేసింది. "వంగి ఉంది. మీరు వెనక్కి పంపినప్పుడు ఆటోలో వంగిన మూల అది. పొద్దున నేను వేలితో తడిమి చూశాను. అది ముజమ్మిల్ షెడ్డు గోడ మీద ఉంది."

వీధిలో ట్రాక్టరు ఒకటి పాట పెట్టుకుని వెళ్లిపోయింది.

"మీ అబ్బాయి మైకు పాడవలేదు," అంది నజీమా. "షెడ్డులో బజర్ మోగుతోంది. మూత లేపి దాన్ని ఆపాల్సినవాడు నేల మీద పడి ఉన్నాడు. అప్పుడే మీ కాల్ వచ్చింది. ఎదురుగా మీ ఇంట్లో ఉన్న బొమ్మే కనపడింది. ఇంట్లో ఉన్నట్టు చూపించుకోటానికి ఇంతకంటే మంచి అదను దొరకదనుకున్నాడు. మీరు దాన్ని తిప్పించారని తెలియదు."

"సాక్ష్యం కాదిది," అన్నాడు ఆంజనేయులు. గొంతులో పొద్దుటి బలం లేదు. "గొట్టం దొరికింది వాజిద్ డాబా మీద."

"ఆ డాబా ఎక్కమని మీకెవరు చెప్పారు?"

ఆయన మళ్లీ సోఫాలో కూర్చున్నాడు.

"మీరు ఇన్నేళ్లు పోలీసు పని చేశారు. అంతమంది ఇళ్లుండగా సరిగ్గా వాజిద్ డాబాయే ఎక్కారు. ఎవరు చెప్పారండీ?"

"శ్రీకాంత్ బాబు," అన్నాడు చివరికి. "వాడి మీద అనుమానంగా ఉంది, ఇల్లు చూడండి అన్నాడు."

వెంకటరమణమ్మ ఫోను నజీమా చేతిలో పెట్టేసింది. చేతులకంటిన మిరపకాయల ఘాటు మరిచిపోయి మొహం తుడుచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకో మరి దేనికో ఆమెకే తెలియాలి.

"నా కొడుకు ఒకరి వస్తువు మీద ఆశపడేవాడు కాదు," అంది. ఆ మాట తనకే సరిగా వినపడనట్టు మళ్లీ అంది. "మాకేం తక్కువ?"

"ఇప్పుడెక్కడున్నారు పెద్దమ్మా?"

"పొద్దున్నే నరసరావుపేట పోయాడు. ఆస్పత్రికి." ఆమె గొంతులోకి ఆశ వచ్చింది. "చూడమ్మాయ్, చెడ్డోడైతే ఇంత చేస్తాడా? ఆ పిల్లాడిని హైదరాబాదు పెద్దాస్పత్రికి పంపిస్తన్నాడు, ఖర్చంతా తనే పెట్టుకుని. వాళ్లమ్మ హజ్రా బీ చేతులెత్తి దండం పెట్టిందంట. అంబులెన్సులో వాడు కూడా కూర్చున్నాడు, దగ్గరుండి దించొస్తానని."

"హజ్రా బీ కూడా ఉందా అందులో?"

"చోటు లేదని బస్సులో రమ్మన్నాడంట."

"ఎవరి అంబులెన్సు?"

జవాబు సోఫా దగ్గర నుంచి వచ్చింది. "నాదే," అన్నాడు ఆంజనేయులు. "రాత్రే ఫోను చేశాడు. డాక్టరు చెప్పాడంట, మనిషికి స్పృహ వస్తోందని. తొందరగా పంపాలన్నాడు. మంచి పనే కదా అని పంపించా."

"డ్రైవరుకు ఫోను చెయ్యండి."

ఆయన వేళ్లు రెండుసార్లు తప్పు నంబరు నొక్కాయి. మూడోసారి రింగయింది. స్పీకరు పెట్టాడు.

"ఒరేయ్ మోయిన్, ఎక్కడున్నావురా?"

"పిడుగురాళ్ల సెంటర్లో సార్. టీ కొట్టు కాడ."

"పేషెంటు?"

"బండిలోనే ఉన్నాడు సార్. శ్రీకాంత్ బాబు నన్నూ నర్సమ్మనీ టీ తాగి రమ్మన్నాడు. మళ్లీ హైదరాబాదు దాకా బండి ఆపేది లేదు, ఇప్పుడే తాగండి, నేను కూర్చుంటాలే అన్నాడు. గ్లాసు చేతికొచ్చి వెనక్కి తిరిగితే బండి లేదు సార్. ఆయనే తోలుకుపోయాడు. నా ఫోను ఎత్తటల్లేదు. ఏదన్నా అర్జంటేమో సార్?"

"ఎటు పోయాడురా? హైదరాబాదు రోడ్డుకేనా?"

"కాదు సార్. అదే నాకూ అర్థం కావటల్లేదు. వెనక్కి తిప్పి బట్టీల దారి పట్టాడు."

ఆంజనేయులు నజీమా వైపు చూశాడు. పొద్దుట్నుంచి మొదటిసారి ఆ చూపులో వెటకారం లేదు. కారు తాళాలు తీసి ఆమె ముందు పట్టుకున్నాడు, తను నడపలేనన్నట్టు.

"ఎక్కండి, నేను తోలతా," అంది నజీమా. "దారిలో మీ పాత స్టేషనోళ్లకి చెప్పండి. ఏ బట్టీ అని అడుగుతారు. అక్కడ బట్టీలు బోలెడున్నాయి."

"బోలెడు లేవు," అంది వెనక నుంచి వెంకటరమణమ్మ.

ఆమె లేచి నిలబడింది. ఒళ్లోని మిరపకాయలు నేలంతా చెదిరాయి. కొడుకు నంబరుకు ఆమె చేసిన ఫోను ఎవరూ ఎత్తక అలాగే మోగుతోంది.

"ఆ దారిలో సున్నపు బట్టీలన్నీ ఆపేశారు. ఈ వారం మండుతోంది మాదొక్కటే." చెప్పుల కోసం కూడా చూడకుండా గడప దాటింది. "నన్నూ తీసుకుపోండి. కాపలావాడు నా మాటకు తప్ప గేటు తియ్యడు."